పాత రాతప్రతుల ఒంటిమీది గుర్తులు

లండన్‌లో ఉద్యోగం అనగానే మనవాళ్లు ఏ కంపెనీ అని అడుగుతారు. నాది పాత అరబ్బీ, పారశీక రాతప్రతులకు క్యాటలాగు రాసే పని. కర్నూలులో పెరిగాను కాబట్టి ఉర్దూ ఇరుగుపొరుగు దగ్గరే వచ్చేసింది. పారశీకం హైదరాబాద్‌లో చదువుకున్నాను.

లోపల ఏం రాసి ఉందో చెప్పడంతో ఈ పని సగమే అవుతుంది. 19వ శతాబ్దపు క్యాటలాగుల్లో గ్రంథకర్త ఎవరు, విషయం ఏమిటి అన్నవాటికే ఎక్కువ చోటిచ్చారు. కాగితం, కుట్టు, అట్ట, ముద్రల గురించి రెండు ముక్కల్లో తేల్చేసేవాళ్లు. ఇప్పుడు మేం పూరించేది ఆ ఖాళీనే.

ముందు ఒక కాగితాన్ని వెలుతురుకు ఎదురుగా పట్టి చూస్తాను. ముస్లిం దేశాల్లో తయారైన పాత కాగితంలో నీటిగుర్తు (వాటర్‌మార్క్) ఉండదు. వరసగా మూడు నెలవంకలు కనిపిస్తే అది ఒట్టోమన్ మార్కెట్ కోసం వెనిస్ నుంచి వచ్చిన కాగితం కావచ్చు. తర్వాత లైటు ఏటవాలుగా వేస్తాను. గంజి పట్టించి రాయితో రుద్దిన నునుపు అప్పుడు మెరుస్తుంది. సిరా లేని సన్నటి గీతలు కూడా బయటపడతాయి. లేఖకుడు దారాలు బిగించిన అట్ట మీద కాగితం పెట్టి నొక్కి, పంక్తులు తిన్నగా రావడానికి చేసుకున్న ఏర్పాటది.

పేజీ నంబర్లు లేని కాలం కదా, కుడివైపు పుట అడుగున తర్వాతి పుటలో వచ్చే మొదటి మాట రాసి ఉంచేవారు. అది కుదరకపోతే మధ్యలో ఏదో కాగితం పోయిందని అనుమానించాలి. కొన్ని ప్రతుల్లో మొదటి పుట మీద ‘యా కబీకజ్’ అని ఉంటుంది. పుస్తకాన్ని పురుగుల నుంచి కాపాడమనే వేడుకోలు అది. పురుగు తొలిచిన కన్నాల పక్కనే ఆ మాట కనిపిస్తే కాసేపు చెయ్యి ముందుకు కదలదు.

నన్ను బాగా పట్టుకునేవి బిజాపూర్ పుస్తకాలు. అక్కడి అసర్ మహల్ అనే పాత భవనంలో మిగిలిన గ్రంథాలు 1853లో లండన్ చేరాయి. వాటిలోని అరబ్బీ ప్రతులకు ఒట్టో లోత్ అనే పండితుడు రాసిన క్యాటలాగు 1877లో వచ్చింది. ఒక ముద్ర, దాని మీద హిజ్రీ సంవత్సరం, పక్కన తనిఖీ చేసిన అధికారి రాసిన ముక్క దొరికాయంటే పుస్తకం ఎవరెవరి చేతులు మారిందో తెలుస్తుంది. అరబ్బీలో ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య విలువ ఉంటుంది; కొందరు సంవత్సరాన్ని అంకెల్లో కాక ఆ విలువల్లో దాచేవారు. మన చార్మినార్ కట్టిన సంవత్సరానికి చెప్పే ‘యా హాఫిజ్’లోని అక్షరాలు కూడితే 1000 వస్తుంది, అంటే హిజ్రీ 1000, మన లెక్కన 1591–92. అరిగిపోయిన ముద్ర చదవడానికి ఒక్కోసారి పూట గడిచిపోతుంది. నాన్న ఫోన్‌లో, “రోజంతా ఒక్క పుస్తకమేనా నాయనా?” అంటాడు. అవును నాన్నా, ఒక్కోసారి ఒక్క పుటే.

ఇదివరకు పనిచేసిన ఒక చోట “ముద్రల సంగతి వదిలెయ్, ఎంట్రీలు పెంచు” అన్నారు. కాంట్రాక్టు ప్రాజెక్టుతో ముడిపడి ఉంటుంది, వీసా కాంట్రాక్టుతో ముడిపడి ఉంటుంది, టెన్షన్ ఎందుకుండదు? అయినా ముద్రలు వదిలేసిన ఎంట్రీ నా దృష్టిలో అసంపూర్ణమే. దాన్ని సరిదిద్దడానికి మళ్లీ ఎవరు ఎప్పుడు కూర్చుంటారు?

అసలు నష్టం చాలాచోట్ల ముందే జరిగిపోయింది. ఈ పుస్తకాలకు వెనక అట్ట నుంచి ఒక మూత వచ్చి, అంచును కప్పుతూ ముందు అట్ట కిందకు దూరుతుంది. యూరప్‌లో కొత్త బైండింగ్ వేసినప్పుడు ఎన్నో పుస్తకాల మూతలు, పాత కుట్లు పోయాయి. వాటితోపాటు పోయిన ఆధారాలను ఏ క్యాటలాగూ తిరిగి తేలేదు.

అందుకే కర్నూలులోగానీ హైదరాబాద్‌లోగానీ మీ ఇళ్లలో తాతలనాటి ఉర్దూ, పారశీక పుస్తకాలుంటే కొత్త బైండింగ్ చేయించకండి, టేపు అంటించకండి. ఊడిపోయిన అట్టనైనా సరే, ఆ పుస్తకంతోనే ఉంచండి. ఫొటో తీసేటప్పుడు మొదటి పుట, చివరి పుట, ముద్రలున్న ప్రతి పుట తీయండి, పక్కన ఒక స్కేలు పెట్టి.