సి క్యాంపులో ఆదివారం సాయంత్రాలు

మన కాలేజీ పాత విద్యార్థుల సంచికకి ఏమైనా రాయమన్నారు. మెస్ గురించి, క్రికెట్ గురించి రాసేవాళ్ళు చాలామంది ఉంటారు కాబట్టి నేను మా ఆదివారం ఆరాధన గురించి రాస్తాను.

1972లో కర్నూలులో పెట్టిన మన సిల్వర్ జూబ్లీ కాలేజీలో అప్పట్లో కోస్తా, రాయలసీమ, తెలంగాణ మూడు ప్రాంతాల పిల్లలూ కలిసే చదివేవాళ్ళం కదా, అందులో కొందరం గుంటూరు, పల్నాడు వైపు లూథరన్ ఇళ్ళ నుంచి, అంటే మార్టిన్ లూథరు బోధను అనుసరించే క్రైస్తవ కుటుంబాల నుంచి వచ్చాం. కర్నూలులో మాకు అలవాటైన ఆరాధన ఎక్కడా దొరకలేదు. దానికి కారణం మిషనరీల కాలం నాటిది. 1842లో అమెరికా నుంచి లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ గారు గుంటూరు వచ్చారు, లూథరన్ సంఘం ఆ చుట్టుపక్కలే పెరిగింది. కర్నూలులో అమెరికన్ బాప్టిస్టులు, నంద్యాలలో ఆంగ్లికన్లు (ఇంగ్లండ్ చర్చి వాళ్ళు), కడప, అనంతపురం వైపు లండన్ మిషన్ వాళ్ళు పనిచేశారు. జర్మన్ లూథరన్లు తిరుపతి, శ్రీకాళహస్తి వైపు ఉండిపోయారు. అందుకే పొద్దున బాప్టిస్టు చర్చికో సి.ఎస్.ఐ. (దక్షిణ ఇండియా సంఘం) చర్చికో వెళ్ళేవాళ్ళం. పాటల దగ్గర ఇబ్బందే లేదు, ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం అందరిదీ ఒకటే.

సాయంత్రం మాత్రం కర్నూలులోనే సి క్యాంపు అనే పేటలో ఒక రిటైర్డ్ టీచరమ్మగారి ముందు గదిలో చేరేవాళ్ళం. ఆవిడ బాప్టిస్టు. "ఏమప్పా, మీ పద్ధతిలోనే చేసుకోండి, పాటలప్పుడు నేనొచ్చి కూర్చుంటా" అనేవారు, అయ్యాక ఉగ్గాని పెట్టకుండా పంపేవారు కాదు.

మా దగ్గర ఉన్నదల్లా సైక్లోస్టైల్ చేసిన ఆరాధన క్రమం. పాప ఒప్పుకోలు, కీర్తన, ఆ ఆదివారానికి నియమించిన పాఠాలు, విశ్వాస ప్రమాణం, విజ్ఞాపనలు, పరలోక ప్రార్థన. వారానికొకరు నడిపించాలి. పాపక్షమాపణ ప్రకటించేది అయ్యగారే (పాస్టరుగారే) కాబట్టి మేం దాని బదులు 1 యోహాను 1:9 చదువుకునేవాళ్ళం. సంస్కారం (ప్రభురాత్రి భోజనం) మాత్రం ఊరి నుంచి అయ్యగారు ఎప్పుడైనా వచ్చినప్పుడే. అవి మాకు పండగ రోజులు.

రాసిపెట్టిన ప్రార్థన చదివితే అందులో జీవం ఉండదని వేరే ప్రార్థన గుంపుల స్నేహితులు అనేవాళ్ళు. వాళ్ళ భక్తి మీద నాకు గౌరవమే, కానీ ఈ మాట నేను అప్పుడూ ఒప్పుకోలేదు, ఇప్పుడూ ఒప్పుకోను. ఇంటి మీద బెంగతో, ఫీజు ఎలా కట్టాలో తెలియక, నోట మాట రాని స్థితిలో కూర్చున్న పద్దెనిమిదేళ్ళ కుర్రాడికి సొంతంగా ప్రార్థించమంటే ఏం ప్రార్థిస్తాడు? పక్కవాళ్ళు పైకి చదువుతుంటే వాళ్ళతో గొంతు కలిపితే చాలు, ఆ రోజుకి వాడి ప్రార్థన కూడా అయిపోతుంది. మొదటి సంవత్సరం సిగ్గుతో తలెత్తని వాళ్ళు కూడా ఆ కాగితం పట్టుకుని నిలబడి నడిపించడం నేను చూశాను. విశ్వాసులందరూ యాజకులే అని లూథరు చెప్పింది మాకు అర్థమైంది అక్కడే.

అసలు లూథరు కూడా జర్మనీలోని విట్టెన్‌బర్గ్ యూనివర్సిటీలో పాఠాలు చెప్పిన మనిషి. 1517లో ఆయన 95 వాదాలు రాసింది పండితుల చర్చ కోసం, లాటిన్‌లో. అంటే మా సంఘం మొదలైందే ఒక కాలేజీ ఊళ్ళో! ప్రశ్న అడిగితే విశ్వాసం పోతుందని మమ్మల్ని ఎవరూ భయపెట్టలేదు. జువాలజీ చదివేవాడు పరిణామం గురించి అడిగేవాడు, గంటలు గంటలు వాదించుకునేవాళ్ళం. నా రూమ్మేట్ హిందువు, నాతో పాటు వచ్చి వెనక కూర్చునేవాడు, అతన్ని ఎవరూ ఏదీ బలవంతం చేయలేదు.

పరీక్షల ముందు టెన్షన్ గురించి చెప్పాలి. 1529లో రాసిన చిన్న ప్రశ్నోత్తరి అనే విశ్వాస పాఠాల పుస్తకంలో లూథరు పొద్దున ప్రార్థన చేశాక సంతోషంగా నీ పనికి వెళ్ళు అంటాడు, రాత్రి ప్రార్థన అయ్యాక వెంటనే నిశ్చింతగా నిద్రపో అంటాడు. మా సీనియర్ ఒకాయన ఇది చదివి, "చదువే మీ పని, అదీ దేవుని సేవే, కానీ మార్కులు చూసి దేవుడు ప్రేమించడు, పోయి పడుకోండి రా" అన్నారు. ఆ రాత్రి నిజంగానే పడుకున్నాం.

ఇప్పుడు కర్నూలుకి చదువుకోడానికి వచ్చే పిల్లలకు ఫోనులో ఎన్ని ప్రసంగాలైనా దొరుకుతాయి. పక్కన నిలబడి ఒప్పుకోలు చదివే నలుగురు దొరకాలి. టీచరమ్మగారు లేరు, ఆ గదీ లేదు. బి క్యాంపు, సి క్యాంపు చుట్టుపక్కల స్థిరపడిన మనవాళ్ళలో ఎవరైనా వారానికి ఒక గంట హాలు ఇవ్వగలిగితే చెప్పండి. అలాగే ఆ సైక్లోస్టైల్ కాగితాలు ఎవరి పెట్టెలోనైనా ఉంటే ఈసారి కలిసినప్పుడు తీసుకురండి, జిరాక్స్ తీయిద్దాం. నా దగ్గర ఉన్నదాంట్లో చివరి పేజీ చిరిగిపోయింది.