చిట్టి ఆడపిల్లి కాదని తెలిసేలోపు

నిన్న రాత్రంతా ఎడతెరిపి లేని వాన. పొద్దున్నే కాఫీ కూడా తాగకుండా దేవుడి గది తలుపు దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని, గుమ్మానికి ముక్కు ఆనించి, పిల్లి ఉచ్చ వాసన వస్తోందేమోనని చూశాను. తడి చెక్క వాసన తప్ప ఇంకేం లేదు. వంటింట్లోంచి మా ఆవిడ తొంగి చూసి "ఉందా అండీ?" అంది. లేదన్నాను. నమ్మకం కుదరక తనూ వచ్చి చూసుకుంది. తొలకరి నుంచీ మా ఇంట్లో వాన పడితే టెన్షన్. ఈ సంతోషం చల్లారకముందే రాసి పెడుతున్నాను.

మాది మల్కాజ్‌గిరిలో పాత అద్దె ఇల్లు, కింద తాండూరు బండలు. పోయిన దసరా సెలవుల్లో మా అమ్మాయి పక్క అపార్ట్‌మెంటు సెల్లార్‌లోంచి గుప్పెడంత పిల్లిపిల్లని తెచ్చింది. ఆడపిల్ల అని తనే తేల్చేసి చిట్టి అని పేరు పెట్టింది. టబ్బులో ఇసుక పోసి పెడితే రెండో రోజుకే అలవాటైపోయింది.

ఏప్రిల్‌లో ఇంట్లో వాసన మొదలైంది. డ్రైనేజీ అనుకున్నాం. ప్లంబర్ వచ్చి బాత్రూం జాలీ తీసి కెలికి ఐదొందలు పట్టుకెళ్ళాడు. ఉల్లిపాయల బుట్టలో ఏదో కుళ్ళిందేమోనని అదీ ఎండలో గుమ్మరించాం. మా అమ్మ మాత్రం మొదటి రోజే "పిల్లి పనేరా ఇది" అంది. రోజూ టబ్బు తీసేది నేనే, చిట్టి అందులోనే పోస్తోంది, ఎలా నమ్ముతాను? పైగా వారం తిరిగేసరికి మాలో ఎవరికీ వాసన తెలియడం మానేసింది. పోయిందనే అనుకున్నాం. అది పోలేదు, మా ముక్కులే అలవాటుపడిపోయాయి.

నేను బ్యాంకులో పని చేస్తాను. మే మొదటి వారం, పింఛన్ల రద్దీ. ఏసీ హాలు, మూసిన తలుపులు. నా ఎదురుగా కూర్చున్న పెద్దాయన పాస్‌బుక్ ఇచ్చి కండువా ముక్కుకి అడ్డం పెట్టుకున్నాడు. జలుబేమో అనుకున్నాను. రెండు నిమిషాలకి "పక్క కౌంటర్‌లో చేయించుకుంటాలే బాబూ" అంటూ లేచి వెళ్ళిపోయాడు. తర్వాత వచ్చినావిడ కూర్చోకుండా నిలబడే సంతకాలు పెట్టింది. ఇంకో పది నిమిషాలకి మేనేజర్ గారు ఇటు వచ్చి, గాలి పీల్చి, "ఇక్కడెక్కడో ఎలుక చచ్చింది" అని హౌస్‌కీపింగ్ అబ్బాయిని పిలిచారు.

ఆ ఎలుక కోసం నేను కూడా వెతికాను. అదీ నా పరిస్థితి. కుర్చీ జరిపాను, కేబుళ్ళు ఎత్తాను, బల్ల జరుపుతుంటే ఒక పక్క నేనే పట్టుకున్నాను. క్యూలో ఉన్న పాతిక మంది పని మానేసి మమ్మల్నే చూస్తున్నారు. ఆ అబ్బాయి బల్ల కిందకి దూరి, నా బ్యాగు బయటికి లాగి, ఒక్క క్షణం ఆగాడు. దాన్ని ముఖానికి దగ్గరగా తెచ్చి, టక్కున దూరం పెట్టి, నా వంక చూశాడు. పాపం, గట్టిగా అనలేదు. "సార్... మీ బ్యాగు" అన్నాడు, అంతే. పక్క సీటు మేడమ్ సొరుగులోంచి రూమ్ ఫ్రెషనర్ తీసి నా చుట్టూ కొట్టింది, దోమల మందు కొట్టినట్టు. తర్వాత మెల్లగా "సార్, ఏమనుకోకండి, రెండు వారాల నుంచి చెప్దామనుకుంటున్నాం" అంది.

రెండు వారాలు! పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు, రోజూ ఇస్త్రీ చొక్కా వేసుకుని ఆ కంపుతో వెళ్ళి వచ్చానన్నమాట. చెప్పులోళ్ళం కాదు, చేపలోళ్ళం కాదు, తెల్లకాలర్ ఉద్యోగం అని మనసులో ఎక్కడో ఉండే పొగరు ఆ పూటతో దిగిపోయింది. చేపలమ్మే ఆవిడకి తన దగ్గర చేపల వాసన వస్తుందని కనీసం తెలుసు. బ్యాగుని స్కూటర్ డిక్కీలో పడేసి సాయంత్రం దాకా చేతులు ముడుచుకుని పని చేశాను.

బ్యాగు చూశాక అమ్మ మాట నమ్మక తప్పలేదు, ఇది చిట్టి పనే. ఆ రాత్రి మొదలైంది యుద్ధం, అంతా తప్పుగా. మొదట ఫినాయిల్. బండలు తెల్లబడేదాకా తుడిచాను. తెల్లారేసరికి మళ్ళీ అదే కంపు. తర్వాత బ్లీచింగ్ పౌడర్. ఇది మాత్రం ఎవరూ చేయకండి. ఉచ్చలో అమ్మోనియా ఉంటుంది, బ్లీచింగ్ దానితో కలిస్తే విషవాయువు పుడుతుంది. కళ్ళు మండి, గొంతు పట్టేసి, అర్ధరాత్రి అందరం బాల్కనీలో నిలబడ్డాం. ఆ తర్వాత ఎవరో ఫోన్‌లో వీడియో పంపారు: వెనిగర్ పోయండి, మంత్రంలా పోతుంది అని. పోశాను. తాండూరు బండ సున్నపురాయి జాతి, పులుపు దాన్ని తినేస్తుంది. ఇప్పుడు హాలులో అరచేయంత తెల్లమచ్చలు నాలుగున్నాయి. ఇల్లు ఖాళీ చేసే రోజున ఓనరు అడ్వాన్స్‌లో కోసేది వాటికే. ఆ వీడియో చేసినాయన ఇంట్లో ఏ బండలున్నాయో ఒక్క మాట చెప్పి ఉంటే బాగుండేది.

పెట్ షాపువాడు మల్లెపూల వాసన ఇసుక అంటగట్టాడు. చిట్టి దాన్ని ఒకసారి వాసన చూసి, పక్కనున్న డోర్‌మ్యాట్ మీద పోసింది. వాడి మీద కోపం ఇంకా తగ్గలేదు.

చివరికి పశువుల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాం. తోకెత్తి చూసి ఆయన చెప్పిన మొదటి మాట: "ఇది చిట్టి కాదండీ, చిట్టిబాబు." మా అమ్మాయి ముఖం చూడాలి. ఇంట్లో ఎదిగిన గండుపిల్లిని పెట్టుకుని ఆడపిల్ల అనుకుంటున్నాం. తోక నిటారుగా పెట్టి వణికిస్తూ, నిలబడి, గోడకో తలుపుకో వెనక్కి చిమ్ముతుందా అని అడిగారు. మా ఆవిడ చూసిందట, ముద్దుగా తోకాడిస్తోందనుకుందట! అది ఒంటికి వెళ్ళడం కాదు, ఇది నా ఇల్లు అని బోర్డు పెట్టడం. అందుకే టబ్బు టబ్బే, గోడ గోడే. మా పిట్టగోడ మీద రోజూ సాయంత్రం ఒక నల్ల పిల్లి వచ్చి కూర్చుంటుంది, ఆ బోర్డు దాని కోసం.

ఎన్నిసార్లు కడిగినా వాసన ఎందుకు పోదో కూడా ఆయనే చెప్పారు. ఉచ్చలోని యూరియాని సూక్ష్మజీవులు విరగ్గొడితే వచ్చేది అమ్మోనియా, అది ముక్కు పగిలే ఘాటు. దానికి తోడు పిల్లి జాతి ఉచ్చలో ఫెలినైన్ అనేది ఉంటుంది. గండుపిల్లిలో మరీ ఎక్కువ. అది విడిపోయి గంధకపు కంపు పుడుతుంది. ఇక కొంచెం యూరిక్ ఆమ్లం కూడా ఉంటుంది, అది నీళ్ళలో సరిగ్గా కరగదు. ఎండిపోయి చెక్క సందుల్లో, బండల అతుకుల్లో, బట్ట పోగుల్లో పలుకుల్లా అతుక్కుంటుంది. గాలిలో తేమ పెరిగితే కంపు మళ్ళీ లేస్తుంది. జూన్‌లో తొలకరి పడ్డ రోజున ఇల్లంతా ఎందుకు గుప్పుమందో అప్పుడర్థమైంది. ఫినాయిల్ గురించైతే కోప్పడ్డారు. పిల్లి కాలేయం అలాంటి మందుల్ని అరిగించుకోలేదు, తడి నేల మీద నడిచి పాదాలు నాక్కుంటే ప్రమాదమట.

ఇంకో మాట గట్టిగా చెప్పారు, నేనూ చెప్తున్నాను. మగపిల్లి మాటిమాటికీ టబ్బులో కూర్చుని ముక్కుతూ, చుక్క కూడా రాకపోతే తెల్లారేదాకా ఆగకండి. మూత్రమార్గం మూసుకుపోతే ప్రాణం మీదకొస్తుంది.

నాలుగొందలు పెట్టి అల్ట్రావయొలెట్ టార్చి కొన్నాను. ఆదివారం రాత్రి లైట్లన్నీ ఆర్పి, కర్టెన్లు వేసి, నలుగురం దొంగల్లా తిరిగాం. మొదట దండెం మీద నా పంచె దెయ్యంలా వెలిగిపోయింది. అది సబ్బు పొడి మహిమ, కంగారు పడొద్దు. అసలైనవి మసక పసుప్పచ్చగా, పైనుంచి కిందికి కారిన చారల్లా ఉంటాయి. చెప్పుల స్టాండ్ పక్కన, సరిగ్గా నా బ్యాగు తగిలించే మేకు కింద మూడు. ఫ్రిజ్ పక్క గోడకి రెండు. దేవుడి గది తలుపు చెక్క మీద ఎన్నో లెక్కే లేదు, ఒకదాని మీద ఒకటి, గుమ్మం సందులోకి దిగిపోయి. మా అమ్మ ఆ చీకట్లోనే "రామ రామ" అనుకుంది. ఇన్నాళ్ళూ నేను నేల తుడిచాను, అది గోడల మీద చిమ్మింది.

ఒక్కో చారకీ చుట్టూ సుద్దముక్కతో గీశాం. ముందు మామూలు నీళ్ళతో రెండుసార్లు తుడిచి పాత మందుల జాడ పోగొట్టాలి, లేకపోతే ఎంజైములు పనిచేయవు. తర్వాత పెంపుడు జంతువుల కోసం అమ్మే ఎంజైమ్ క్లీనర్ పోశాను. చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు, ఒక స్ప్రే కొట్టి గుడ్డతో తుడిచేస్తారు. ఉచ్చ ఎంత లోపలికి దిగిందో మందూ అంత లోపలికి దిగాలి, తడి ఆరకూడదు. నేను పాత గుడ్డలు దానిలో ముంచి గుమ్మానికి చుట్టి, పైన పాలిథిన్ కవరు కట్టి పన్నెండు గంటలు వదిలేశాను. మొదటి రోజు వాసన ఇంకా ఎక్కువైంది. డబ్బులు దండగ అని మా ఆవిడ అంది. గోడలకి రెండు విడతలు చాలింది, గుమ్మానికి ఐదు పట్టాయి.

ఈలోపు చిట్టిబాబుకి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాం. పొద్దున ఇచ్చాం, సాయంత్రం తెచ్చుకున్నాం. చిమ్మడం ఆ రోజే ఆగలేదు, హార్మోన్లు తగ్గడానికి కొన్ని వారాలు పడుతుందన్నారు. ఐదో వారానికి ఆగింది. మూడో నెలో నాలుగో నెలో చేయించి ఉంటే బహుశా ఇదంతా ఉండేదే కాదు. వాసన లేని గడ్డకట్టే ఇసుకకి మారాం, వాషింగ్ మెషీన్ పక్కన ఉన్న టబ్బుని చప్పుడు లేని మూలకి జరిపి, ఇంకోటి కూడా పెట్టాం.

పై పోర్షన్ అంకుల్ మాత్రం మొదటి నుంచీ ఒకటే సలహా: "గోనెసంచిలో వేసి మౌలాలి అవతల వదిలేసి రావయ్యా." వాళ్ళ మనవడు ఆరేళ్ళొచ్చినా పక్క తడుపుతాడని మెట్ల మీద ఆరేసిన దుప్పట్లు చూస్తే తెలుస్తుంది. ఆ పిల్లాడిని ఎవరైనా మౌలాలి తీసుకెళ్ళారా? నోటిదాకా వచ్చింది, ఆగాను.

బ్యాగు ఒక్కటి మిగిలింది. మూడుసార్లు నానబెట్టాను, టార్చికి ఏమీ కనబడలేదు. అయినా బ్యాంకుకి తీసుకెళ్ళే ధైర్యం లేక బాల్కనీలో మేకుకి తగిలించాను. పొద్దున వాన తగ్గాక చూస్తే కింద పడి ఉంది. చిట్టిబాబు దాని మీద ముడుచుకుని నిద్రపోతున్నాడు, పిట్టగోడ మీద నల్ల పిల్లి వాడినే చూస్తోంది.