అలమర అరలో పాత పేపరు

పొద్దున వంటింటి అలమర సర్దుదామని డబ్బాలన్నీ కిందికి దించాం. అరల్లో పరిచిన పేపర్లు నూనె జిడ్డుకు అతుక్కుపోయినాయి. కందిపప్పు డబ్బా కింది నుంచి ఒకటి మాత్రం చినగకుండా వచ్చింది. 2019 మార్చి 16. మొదటి పేజీలో పులివెందుల వై.ఎస్. వివేకానందరెడ్డి ఫొటో, దాని మీద డబ్బా అడుగు తుప్పు గుండ్రంగా పడింది.

"ఈయప్ప కేసు ఏమాయమ్మా?" అంది అమ్మ.

కోర్టులో ఉందన్నాను.

"పోయినసారి అడిగితే కూడా అదే అంటివి."

ఆ పేపరు తేదీకి ముందురోజు పొద్దున టీవీలో ఆయన గుండెపోటుతో పోయాడన్నారు. సాయంత్రానికల్లా హత్య అన్నారు. ఒంటి మీద అన్ని గాయాలున్న మనిషికి గుండెపోటని ముందుగా ఎవరి నోట వచ్చింది? రక్తపు మరకలు కడిగేశారని తర్వాత సీబీఐ చెప్పింది. ఎవరు కడగమంటే కడిగారు? ఇన్నేళ్లూ నా మనసులో నలుగుతున్నది ఆ మొదటి నాలుగు గంటలే.

ఎన్నికల ముందు ఒక సిట్ (ప్రత్యేక దర్యాప్తు బృందం), ప్రభుత్వం మారాక ఇంకో సిట్. కూతురు సునీత హైకోర్టుకెళ్తే 2020 మార్చిలో కేసు సీబీఐకి పోయింది. రాష్ట్రంలో విచారణ సరిగ్గా సాగదని ఆమె మళ్లీ ఢిల్లీ దాకా పోతే, 2022 నవంబరులో సుప్రీంకోర్టు దాన్ని హైదరాబాదుకు మార్చింది. ఆయన మాజీ మంత్రి. ఒక ముఖ్యమంత్రికి తమ్ముడు, ఇంకో ముఖ్యమంత్రికి బాబాయి. ఆయన బిడ్డే ఇన్ని కోర్టుల మెట్లెక్కితే, మా వీధిలో ఎవరికైనా ఇట్లా జరిగితే ఎక్కడికని పోతాం?

రెండు ఎన్నికల్లోనూ మైకుల్లో ఆయన పేరు మోగింది. నువ్వు చేయించావంటే నువ్వు చేయించావని తిట్టుకున్నారు. చూస్తుంటే కడుపు మండింది. చచ్చిపోయిన మనిషి పేరుతో ఓట్లడగడానికి అందరికీ తీరిక దొరికింది.

ఆ ఇంటి కాపలాదారు, ముఖ్యమైన సాక్షి, ముసలాయన. 2025 మార్చిలో చనిపోయాడు. కేసు ఆలస్యమైతే వాయిదాలు పెరుగుతాయంతే అనుకునేదాన్ని. చూసిన కళ్లు కూడా ఒక్కొక్కటే మూతపడతాయని ఆ వార్త చదివినరోజు అర్థమైంది.

అరల్లో కొత్త పేపర్లు పరిచి డబ్బాలు సర్దేసరికి పదకొండైంది. ఆ పాత పేపరు పారెయ్యబోతే అమ్మ పడనీలేదు. తుప్పు మరక తుడిచి, మడిచి, పొలం పాసుపుస్తకాల సంచిలో పెట్టింది.