శ్రీకాకుళంలో పీడీఎంఎస్ చిప్ పోత: నా అనుభవం

ఉద్దానం కిడ్నీ జబ్బు పరీక్షలకి చుక్క మూత్రం సరిపోవాలంటే పీడీఎంఎస్ (రబ్బరులాంటి పారదర్శక సిలికోన్) చిప్‌లో కాలువ చాలా సన్నగా ఉండాలి. మేం తీసుకున్న కొలత 200 మైక్రాన్ల వెడల్పు, 50 మైక్రాన్ల లోతు. దాని అచ్చు తయారీకి క్లీన్‌రూమ్ (దుమ్ము లేని ల్యాబ్ గది) కావాలి. కాలేజీల వాళ్లకి ఐఎన్‌యూపీ (ఇండియన్ నానోఎలక్ట్రానిక్స్ యూజర్స్ ప్రోగ్రామ్) పథకం కింద బెంగళూరు ఐఐఎస్‌సీలో ఆ వీలుంది. అచ్చు ఒక్కటి చేతికొస్తే మిగతా పని శ్రీకాకుళంలోనే అయిపోతుంది.

అచ్చుకి ఎస్‌యూ-8 2050 రెజిస్ట్, అంటే యూవీ వెలుతురు పడిన చోట గట్టిపడే చిక్కటి ద్రవం. వేఫర్‌ని (పలుచటి సిలికాన్ బిళ్లని) 200 డిగ్రీల దగ్గర ఆరబెట్టి, రెజిస్ట్ పోసి 3000 ఆర్‌పీఎంలో 30 సెకన్లు తిప్పితే 50 మైక్రాన్ల పొర వస్తుంది. దాన్ని వేడి ప్లేటు మీద ముందు 65 డిగ్రీల దగ్గర, తర్వాత 95 దగ్గర ఉంచాలి. కాలువ బొమ్మ ఉన్న మాస్క్ గుండా యూవీ పడ్డాక మళ్లీ అదే వరస. వేడి ప్లేటు మీంచి తీసి చల్లటి బల్ల మీద పెడితే పొర బీటలిస్తుంది, ప్లేటుతో పాటే చల్లారనివ్వాలి. డెవలప్ చేశాక (గట్టిపడని రెజిస్ట్‌ని డెవలపర్ ద్రవంలో కరిగించాక) ఐసోప్రొపైల్ ఆల్కహాల్ పోస్తే తెల్లటి మరక తేలిందా, కరగాల్సింది ఇంకా ఉంది. మళ్లీ డెవలపర్లో ముంచాలి.

పోతకి ముందు అచ్చుకి ఫ్లోరోసైలేన్ ఆవిరి పట్టించాలి. లేకపోతే పీడీఎంఎస్ లాగినప్పుడు రెజిస్ట్ కూడా ఊడొస్తుంది. పీడీఎంఎస్‌కి సిల్‌గార్డ్ 184 బేస్ 40 గ్రాములకి క్యూరింగ్ ఏజెంట్ (గట్టిపరిచేది) 4 గ్రాములు కలపాలి. అచ్చు పెట్టిన 12 సెంటీమీటర్ల పెట్రీడిష్‌లో పోస్తే దాదాపు 4 మిల్లీమీటర్ల మందం. కలిపే గ్లాసు మూడో వంతుకి మించి నింపొద్దు, బుడగలు పోవడానికి వాక్యూమ్‌లో పెడితే నురగ పొంగి పొర్లిపోతుంది. లేటెక్స్ గ్లౌజులు అసలే వద్దు. వాటిలోని గంధకం తగిలిన చోట మిశ్రమం గట్టిపడదు, నైట్రైల్ వాడాలి. ఓవెన్‌లో 80 డిగ్రీలు, రెండు గంటలు. మధ్యలో కరెంటు పోయినా పోత పాడవదు: 25 డిగ్రీల దగ్గరైనా 48 గంటల్లో గట్టిపడుతుంది.

అసలు కష్టం గట్టిపడ్డ పీడీఎంఎస్‌ని గాజుకి అతికించడం. ద్రవం లోపలికీ బయటికీ వెళ్లే రంధ్రాలు కాలువ వైపు నుంచే పొడవాలి, ఆ తునకలు, దుమ్ము టేపుతో ఎత్తెయ్యాలి. ఒక్క నలక ఉన్నా దాని చుట్టూ అతుకు పడదు. మన తీరం గాలిలో తేమ ఎక్కువ కాబట్టి రెండు ముక్కల్నీ 80 డిగ్రీల ప్లేటు మీద ఆరబెట్టాకే ఆక్సిజన్ ప్లాస్మాలో (ముఖాలు ఒకదానికొకటి అతుక్కునేలా చేసే ఆవేశిత వాయువులో) పెట్టాలి. బయటికి తియ్యగానే కలిపెయ్యాలి. ఆలస్యమైతే పట్టు తగ్గిపోతుంది. గట్టిగా నొక్కితే చిప్‌లోని వెడల్పాటి గదుల కప్పు కిందికి దిగి గాజుకి అంటుకుంటుంది. అలాంటి చోట డిజైన్‌లోనే మధ్యలో స్తంభాలు పెట్టుకోవాలి. తర్వాత 80 డిగ్రీల దగ్గర పావుగంట. రంగునీళ్లు సిరంజితో మెల్లగా ఎక్కిస్తే కారే చోటు వెంటనే కనిపిస్తుంది.