సన్నగా ఉన్నా షుగర్ గుమ్మం దాకా

నేను లావు మనిషిని కాదు. అందుకే రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష హెచ్‌బీఏ1సీలో 6.1 అని చూడగానే ల్యాబ్‌లో శాంపిల్స్ తారుమారయ్యాయేమో అనిపించింది. మళ్లీ చేయిస్తే అంతే వచ్చింది. 5.7 నుంచి 6.4 దాకా ప్రీడయాబెటిస్, అంటే షుగర్‌కు ముందు మెట్టు; 6.5 నుంచి షుగర్. విచిత్రమేంటంటే పరగడుపు షుగర్ 98, అంటే నార్మలే.

డాక్టరమ్మ మందుల జోలికి పోకుండా ప్రశ్నలు మొదలుపెట్టారు. అమ్మానాన్నలకు ఉందా? నాన్నకుంది. కడుపుతో ఉన్నప్పుడు మీకు వచ్చిందా? రెండో కాన్పప్పుడు వచ్చింది, పాప పుట్టాక పోయింది. "పోలేదమ్మా, పక్కకు తప్పుకుంది" అన్నారావిడ. అలా వచ్చినవాళ్లకు తర్వాత టైప్ 2 షుగర్ వచ్చే అవకాశం ఎక్కువట. కాన్పయ్యాక మూడు నెలల్లోపు ఒకసారి, ఆపైన ఒకటి నుంచి మూడేళ్లకోసారి పరీక్ష చేయించుకోవాలి. నా డిశ్చార్జి కాగితాల్లో ఆ ముక్క ఎక్కడా లేదు. దాని మీద నాకిప్పటికీ కోపమే.

తర్వాత టేపు తీసి నడుము కొలిచారు. 86 సెంటీమీటర్లు. ఆసియా ఆడవాళ్లకు 80, మగవాళ్లకు 90 దాటకూడదు. కాళ్లూ చేతులూ సన్నగానే ఉన్నా, పొట్టలోనూ కాలేయంలోనూ కొవ్వు చేరితే ఇన్సులిన్ సరిగా పనిచేయదు. నా మెడ వెనక చర్మం నల్లబడి, మందంగా, ముడతలుగా ఉంటుంది. సబ్బు పెట్టి బాగా రుద్దుకోమని ఇంట్లో ఒకటే పోరు. ఎంత రుద్దినా పోయేది కాదది, ఉన్న ఇన్సులిన్ సరిగా పనిచేయక ఒంట్లో అది ఇంకా ఎక్కువగా తయారవుతోందనడానికి గుర్తట.

బరువు ఏడు శాతం తగ్గాలి, వారానికి 150 నిమిషాలు నడవాలి అన్న లక్ష్యంతో సాగినవాళ్లలో షుగర్ ముప్పు 58 శాతం తగ్గిందని 2002లో అమెరికాలో వచ్చిన అధ్యయనం చెప్పింది. వాళ్లలో ఎక్కువమంది నాకంటే లావువాళ్లే, అయినా పట్టుకోవడానికి అదొక్కటి దొరికింది. నడకకు తోడు బరువులెత్తడం మొదలుపెట్టాను. పనిచేసే కండ ఇన్సులిన్ కోసం కాచుక్కూర్చోకుండా రక్తంలోని చక్కెరను లాక్కుంటుంది. రాత్రి భోజనం ముందుకు జరపడమే అన్నిటికన్నా కష్టమైంది, ఇంటిల్లిపాదితో గొడవ. కొన్ని నెలలకు హెచ్‌బీఏ1సీ 5.6కి దిగింది. నాన్న నుంచి వచ్చింది మారదు, పెరిగే వయసు ఆగదు. కాబట్టి ఏటా పరీక్ష తప్పదు.

తమ్ముడు నాకంటే సన్నం. "నాకేముందక్కా" అంటూనే టేపు చూసి పొట్ట లోపలికి లాక్కున్నాడు. ఊపిరి వదలరా అన్నాక 94 వచ్చింది. వాడికి పరగడుపు పరీక్షతో పాటు హెచ్‌బీఏ1సీ కూడా రాయించాను.