మన్ననూరు అడవిలో పులికంప తీసిన చోట

డిసెంబరులో అచ్చంపేట మీదుగా నల్లమల అడవిలోని మన్ననూరు చేరాం. రోడ్డు పక్కన పులికంప, అదే లాంటానా, గోడ కట్టినట్టుంది. 1809లో కలకత్తా తోటకు అందం కోసం తెచ్చిన మొక్క ఇక్కడ నల్లమద్ది, తునికి చెట్ల కింద గడ్డికి వెలుతురు లేకుండా చేసింది.

కొడవలితో కోస్తే ఒక్క కాండం పోయి పది లేస్తాయి. మొదలు చుట్టూ మట్టి తీసి, నేలమట్టానికి 3–5 సెంటీమీటర్ల కింద తల్లివేరును నరకాలి. చిగురు పుట్టేది కాండం వేరుగా మారే ఆ మెడలోనే. ఢిల్లీ విశ్వవిద్యాలయంలో సి.ఆర్. బాబు బృందం రూపొందించిన పద్ధతి ఇది. నల్లబడిన కాయలుంటే ముందు గోనెపట్టా పరిచి దులపాలి. పెకలించిన పొదను వేర్లు పైకి ఉండేలా తిరగేసి ఎండబెడతారు. వానల్లో ఈ పని పెట్టుకుంటే తడి నేలకు తాకిన కొమ్మ మళ్లీ వేరు తొడుగుతుంది, అందుకే చలికాలం నయం.

అసలు కష్టం తర్వాతే. నేల ఖాళీగా ఉంటే తొలకరికి పులికంప పిల్లలు, తులసిలా ఘాటు వాసన కొట్టే హిప్టిస్ అనే కలుపు ముందు లేస్తాయి. చాలాచోట్ల వెంటనే గుంటలు తీసి చెట్లు నాటేస్తారు. మాకది తొందరపాటు అనిపిస్తుంది: తవ్విన మట్టి కలుపుకే మేలు, చెట్టు నీడ రావడానికి ఏళ్లు పడుతుంది. ముందు గడ్డి కావాలి, అదీ ఒక్క రకం కాదు. దుబ్బు కట్టే హెటెరోపోగాన్ మధ్య సందులు మిగులుస్తుంది. ఆ సందుల్లో పాకే డైకాంథియం ఉండాలి. రెండూ ఏళ్ల తరబడి బతికే గడ్డులే కాబట్టి, ఒకసారి నిలదొక్కుకుంటే తొలి వానకే పాత దుబ్బు నుంచి చిగురించి కలుపు మొలకను నీడలో ముంచేస్తాయి.

హెటెరోపోగాన్ గింజల పొడవాటి తోకలు నల్లబడి ఒకదానికొకటి చిక్కుపడితే పండినట్టు. ఆ ముద్దల్ని చేత్తోనే లాగొచ్చు. కొత్త గింజ వెంటనే మొలవదు. ఆరు నెలలైనా గుడ్డసంచిలో పొడిగా ఉంచాలి, ప్లాస్టిక్ సంచిలో చెమ్మ పట్టి బూజొస్తుంది. వానలు కుదురుకున్నాక ఇసుకతో కలిపి చల్లి, పైన సెంటీమీటరుకు మించకుండా మట్టి కప్పాలి. ఒక్క జల్లుకే తొందరపడితే తర్వాతి ఎండకు మొలకలు మాడిపోతాయి. మొదటి ఏడాది గింజ రాలేదాకా పశువులను తోలకూడదు. పిగిలిపిట్టలు, గోరింకలు వాలే చెట్ల కింద రెండు మూడేళ్లు పులికంప మొలకల్ని వెతికి పీకుతూనే ఉండాలి.

రాత్రి 9 దాటితే ఆ రోడ్డు మీద బండ్లు వదలరు. బయల్దేరేముందు గేటు దగ్గర సాక్సులు విప్పి దులిపాం: ఈటెల్లా గుచ్చుకున్న హెటెరోపోగాన్ గింజలు సంచిలోకి, హిప్టిస్ ముళ్లకాయలు మంటలోకి.