స్టార్ట్ బటన్ ఎడమకి జరపరా?

మాది మార్కాపురం, పలకల ఊరు. బెంగళూరొచ్చి తొమ్మిదేళ్లయింది. బెల్లందూరులో ఒక ఆఫీసులో డెస్క్‌టాప్ సపోర్టు పని. అమ్మ మాత్రం ఊళ్లో అందరికీ "మావాడు సాఫ్ట్‌వేరు" అనే చెప్పుకుంటుంది. నేను చేసేదల్లా జనాల పాత ల్యాప్‌టాపులు తీసుకోవడం, లోపలి సరుకంతా కొత్తవాటిలోకి ఎత్తడం, పాతవాటిని పలక తుడిచినట్టు తుడిచెయ్యడం.

2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు ఆపేసింది. దానికి ముందు నాలుగు నెలలు మాకు ఊపిరాడలేదు. మారతహళ్లి పీజీకి ఎప్పుడెళ్లానో, ఎప్పుడు పడుకున్నానో గుర్తులేదు. కొత్త మిషను చేతికివ్వగానే చాలామంది నోట వచ్చిన మొదటి మాట ఒకటే: "బాస్, స్టార్ట్ బటన్ ఎడమకి జరపరా?"

2021లో విండోస్ 11 వచ్చినప్పుడు దాన్ని తెచ్చి నట్టనడుమ పెట్టారు. జనం చెయ్యేమో ఏళ్ల తరబడి ఎడమ మూలకి పోతోంది. కొత్తకోడలు ఉప్పుడబ్బా జరిపితే అత్తగారి గొంతెలా ఉంటుందో, అచ్చం అలా ఉండేది వాళ్ల గొంతు. జరపడానికి అర నిమిషం పట్టదు. టాస్క్‌బార్ సెట్టింగుల్లోకి వెళ్లి ఎలైన్‌మెంటు మార్చడమే. అయినా నాచేతే చేయించుకునేవాళ్లు.

కంపెనీ వాల్‌పేపర్‌ని తాళం వేసి పెట్టింది, ఎవరూ మార్చలేరు. మిగిలిన దాంట్లోనే సొంతం చేసుకుంటారు. ఒకమ్మాయి మౌస్ బాణాన్ని గులాబీరంగు చేసుకుంది. నలభై ఐదు దాటిన మేనేజర్లు బాణాన్ని పెద్దది చేసుకుంటారు, కళ్లజోడు మాట మాత్రం ఎత్తరు. డార్క్ మోడ్‌తో బ్యాటరీ మిగులుతుందని వాదించేవాళ్లున్నారు. ఓఎల్ఈడీ తెర అయితే నిజమే, నల్లగా ఉన్న చోట వెలుతురే ఉండదు. మా ల్యాప్‌టాపులవి ఎల్‌సీడీ తెరలు, వెనక దీపం వెలుగుతూనే ఉంటుంది. చెప్పి చూశాను. "అయినా బాగుంటుంది కదన్నా" అన్నాడొకడు. దానికి నేనేం చెప్పను?

అనంతపురం కుర్రాడొకడు కోడు రాయడానికి విమ్ అనే పాతరకం ఎడిటర్ వాడతాడు. దాని సెట్టింగులన్నీ ఉండే, చుక్కతో పేరు మొదలయ్యే ఒక చిన్న ఫైలు వెంట పెట్టుకుని ఉద్యోగాలు మారుతుంటాడు. బాణం కీలు ముట్టడు, హెచ్, జె, కె, ఎల్‌తోనే కర్సర్ నడుపుతాడు. విమ్‌కి మూలమైన వీఐ ఎడిటర్‌ని 1970ల్లో బిల్ జాయ్ అనే ప్రోగ్రామరు రాసిన ఏడీఎం-3ఏ టెర్మినల్‌కి విడిగా బాణాలు లేవు, ఈ నాలుగు అక్షరాల మీదే అచ్చువేసి ఉండేవి. ఎస్కేప్ కీ కూడా ఇప్పుడు ట్యాబ్ ఉన్న చోటే, వేలికి అందేలా ఉండేది. తర్వాతి కీబోర్డుల్లో అది మూలకి పోయింది కాబట్టి మనవాడు క్యాప్స్ లాక్‌నే ఎస్కేప్ చేసుకున్నాడు. నాకేమో పెద్దక్షరానికి షిఫ్టు బదులు క్యాప్స్ లాక్ నొక్కే పాడలవాటు. వాడి మిషను మీద నా అడ్మిన్ పాస్‌వర్డు వరసగా తప్పు కొట్టి, నా అకౌంటు నేనే లాక్ చేసుకున్నాను. సపోర్టువాడు సపోర్టుకి ఫోన్ చేసుకోవడం ఆ రోజే చూశాను.

అన్నిటికంటే నన్ను తిప్పలు పెట్టింది అకౌంట్స్ మేడమ్. నేను ఫోన్లో అమ్మతో మాట్లాడుతుంటే విని, "ఏ ఊరు తమ్ముడూ మీది?" అన్నారు. ఆవిడది గిద్దలూరు. ఆ క్షణం నుంచి నాకు అక్క. 2004లో అమీర్‌పేటలో ఎక్సెల్ నేర్చుకున్నారట. ఇప్పటికీ విలువలు మాత్రమే అతికించాలంటే ఆల్ట్, ఈ, ఎస్, వీ అని టకటకా కొడతారు. ఆ ఎడిట్ మెనూ 2007లోనే తెరమీంచి పోయింది, కీలు మాత్రం ఇంకా పనిచేస్తాయి. లేని తలుపుకి తాళంచెవి అన్నమాట.

ఆవిడ మిషను మార్చిన మర్నాడు పొద్దున్నే ఫోను. "తమ్ముడూ, నా మెయిల్ నిండా ఎర్రగీతలేంటి?"

వెళ్లి చూస్తే పేర్లన్నిటికీ కింద మెలికలు. వెంకటసుబ్బయ్య ఎరుపు, పుల్లారెడ్డి ఎరుపు, కంభం ఎరుపు, ఆవిడ ఇంటిపేరూ ఎరుపే. ఆవిడ ఏళ్ల తరబడి కుడివైపు నొక్కి ఒక్కో పేరూ డిక్షనరీలో చేర్చుకున్నారు. అవన్నీ కస్టమ్ డిక్ అనే ఒక మామూలు టెక్స్ట్ ఫైల్లో ఉంటాయి. ఎక్కడో లోపలి ఫోల్డర్లో పడి ఉంటుంది కాబట్టి నేను కాపీ చెయ్యడం మర్చిపోయాను.

"నా పేరు తప్పని చెప్తోందయ్యా ఇది" అన్నారు. గొంతులో నవ్వు లేదు.

అదృష్టం, పాత మిషను ఇంకా తుడవలేదు, ర్యాకులో వరసలో ఉంది. ఫైలు దొరికింది. నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే వరసకొక మాట: ఊళ్లు, సరుకిచ్చేవాళ్లు, ఆడపడుచుల పేర్లు, గోంగూర, మధ్యలో కన్నడ వీధుల పేర్లు కూడా. వాటి నడుమ రీయింబర్స్‌మెంట్ అనే ఇంగ్లీషు మాట కనబడింది, ఒక 'ఇ' తక్కువతో. ఎప్పుడో పొరపాటున చేర్చినట్టున్నారు. అప్పట్నుంచీ దానికి ఎర్రగీత పడలేదు, ఆవిడ ఆ స్పెల్లింగుతోనే కంపెనీ అంతటికీ మెయిళ్లు పంపుతున్నారు.

"ఇదొక్కటి తీసెయ్యనా అక్కా?"

కళ్లజోడు పైకి జరుపుకుని చూశారు. "డబ్బులు సరిగ్గానే పడుతున్నాయి కదా అందరికీ! ఉండనీలే."